రెండు భాషల బీడు

బీడు అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలున్నాయి. మా నాన్నది నందికొట్కూరు వైపు పల్లె. ఆయన బీడు అన్నాడంటే దున్నకుండా వదిలేసిన నేల. మా అమ్మది తుమకూరు. ఆమె కన్నడలో బీడు అంటే నివాసం, విడిది, దండు దిగిన చోటు. ‘బీడు బిట్టరు’ అంటే డేరాలు వేసుకుని దిగారని. వినడానికి ఒకే మాట. ఒక భాషలో అది ఎవరూ ఉండని చోటు, ఇంకో భాషలో ఎవరో వచ్చి ఉన్న చోటు. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో మన భాషాశాస్త్రం క్లాసులో తేల్చుకుందాం. నాకు మాత్రం ఈసారి వ్యాసం రాయడానికి ఈ జంట బాగా పనికొచ్చింది.

ఈ సంచిక అంశం ‘ప్రయాణం’ కదా. నేను తీసుకున్నది ఆఫ్రికా ఎడారి ప్రాంతాల్లో, రోడ్డు లేని దారుల్లో జీపు మీద వెళ్ళి, అడవి జంతువుల మధ్య డేరా వేసుకుని రాత్రులు గడిపే ప్రయాణం. దీన్ని ఓవర్‌ల్యాండింగ్ అంటారు. నేను ఆఫ్రికా వెళ్ళలేదు, చదివి రాస్తున్నాను. చదివేకొద్దీ నాకు తోచింది ఏమిటంటే, ఆ ప్రయాణంలో ఉన్న జాగ్రత్తలన్నీ ఒకే విషయం చెబుతాయి: ఖాళీ నేల అంటూ ఏదీ లేదు. ఈ సంగతి కలహారీలో ఎలా కనబడుతుందో ముందు చూద్దాం. తర్వాత మన వైపు, కడప, కర్నూలు బీళ్ళకు వద్దాం.

కలహారీ ఎలా ఉంటుంది?

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తొస్తాయి. నమీబియా తీరంలో ఉన్న నమీబ్ ఎడారి చాలావరకు అలాంటిదే. దానికి తూర్పున, బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా మూడు దేశాల్లో పరుచుకుని ఉన్న కలహారీ వేరు. కింద అంతా ఇసుకే, కానీ పైన గడ్డి, ముళ్ళపొదలు, అక్కడక్కడా తుమ్మజాతి చెట్లు. వాన పడుతుంది, అయితే పడిన నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది. నిలిచే చెరువూ ఉండదు, పారే ఏరూ ఉండదు. ఈశాన్య భాగంలో ఏడాదికి 500 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, నైరుతి మూల అందులో సగం కూడా పడదు. ఆ 500 అనే అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

బోట్స్వానాలో ఈ కలహారీ నడిబొడ్డున 1961లో ఒక పెద్ద అభయారణ్యం ఏర్పాటు చేశారు. సెంట్రల్ కలహారీ గేమ్ రిజర్వ్ అంటారు. దాదాపు 52,800 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో ఇంచుమించు సగం. అందులో తారు రోడ్డు లేదు, పెట్రోలు బంకు లేదు, అంగడి లేదు. ఇసుకలో రెండు చక్రాల గాళ్ళు పడి ఉంటాయి, అదే దారి. విడిది చోట్లు అని గుర్తులు పెట్టి ఉంటాయి గానీ చుట్టూ కంచె ఉండదు. సింహాలు, గోధుమరంగు హైనాలు ఆ చోట్ల మీదుగానే నడిచి పోతుంటాయి. పొడవాటి కొమ్ముల ఓరిక్స్‌లు, జింకజాతి స్ప్రింగ్‌బాక్‌లు మందలుగా మేస్తుంటాయి.

నీళ్ళ లెక్క

అక్కడికి వెళ్ళేవాళ్ళ మొదటి పని లెక్క వేయడం. మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల నీళ్ళు అనుకుందాం. తాగడానికి, వండడానికి మాత్రమే సుమా, స్నానం మాట ఎత్తకూడదు. నలుగురు మనుషులు, ఆరు రోజులు. 4 × 5 × 6 = 120 లీటర్లు. మన హాస్టల్ వరండాలో బోర్లించి పెట్టే 20 లీటర్ల క్యాన్లు ఉన్నాయే, అవి ఆరు. బరువు 120 కిలోలు. బండి దారిలో చెడిపోతే రెండు మూడు రోజులు ఎదురు చూడాల్సి రావచ్చు కాబట్టి ఇంకో రెండు క్యాన్లు. ఇది నీళ్ళ బరువే. డీజిలు వేరే. తారు రోడ్డు మీద తాగినదాని కంటే మెత్తటి ఇసుకలో బండి చాలా ఎక్కువ తాగుతుంది. కాబట్టి మ్యాపులో దూరం చూసి డీజిలు కొనకూడదు, నేల చూసి కొనాలి.

ఇసుకలో బండి దిగబడకుండా ఉండడానికి ఒక చిన్న కిటుకు ఉంది. టైర్లలో గాలి తగ్గిస్తారు. మామూలుగా 30–35 పౌండ్లు ఉండే గాలిని 18–20 దాకా దించుతారు. గాలి తగ్గిన టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి చక్రం లోపలికి దిగదు. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉండడంలో ఉన్న సూత్రం ఇదే. మళ్ళీ గట్టి రోడ్డు ఎక్కగానే గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే గాలి కొట్టే పంపు లేకుండా ఎవరూ బయల్దేరరు.

కలహారీలో ఇంకో ప్రమాదం గడ్డి. వానలు బాగా పడిన ఏడు, దారి మధ్యలో రెండు గాళ్ళ నడుమ గడ్డి నడుము ఎత్తు పెరుగుతుంది. దాని గింజలు ఎగిరి రేడియేటరుకు అడ్డం పడతాయి, ఇంజను ఉడికిపోతుంది. అందుకని బండి ముందు సన్నటి వల కడతారు. ఎండిన గడ్డి బండి కింద పొగగొట్టం చుట్టూ చిక్కుకుంటే నిప్పు అంటుకుంటుంది. కొంత దూరానికొకసారి దిగి, కిందికి దూరి, ఆ గడ్డి పీకేయాలి. ఆ పని బద్ధకించిన బండ్లు తగలబడిపోయాయి కూడా.

ఉప్పు మైదానాలు మరో రకం. బోట్స్వానాలోని మక్‌గాడిక్‌గాడి మైదానం పైకి బల్లపరుపుగా, తెల్లగా, గట్టిగా కనబడుతుంది. పైపెచ్చు ఎండిపోయినా కింద బురద తడిగానే ఉండొచ్చు. ఆ పెచ్చు విరిగితే బండి ఇరుసుల దాకా దిగిపోతుంది. అందుకే ముందు వెళ్ళినవాళ్ళ గాళ్ళు వదలొద్దని, ఒంటరి బండితో వెళ్ళొద్దని చెబుతారు.

అతిథి మర్యాదలు

డేరా వేయడానికి కొన్ని నియమాలున్నాయి. పైకి ఇవి మనిషి క్షేమం కోసం చెప్పినవి. కారణాలు చూస్తే, ఆ నేల ఎవరిదో కూడా చెబుతాయి.

ఒకటి, ఎండిపోయిన ఏటి ఇసుకలో పడుకోకూడదు. ఎక్కడో దూరాన వాన పడితే ఇక్కడికి రాత్రికి రాత్రే వరద రావచ్చు. అంతకన్నా ముఖ్యంగా, నమీబియా వాయవ్యంలో ఆ ఎండిన ఏళ్ళే ఎడారి ఏనుగుల దారులు. లోతున తడి ఉంటుంది కాబట్టి చెట్లు అక్కడే ఉంటాయి, ఏనుగులూ అక్కడే నడుస్తాయి. మనకు మెత్తటి పడక అనిపించేది వాటి రాజవీధి.

రెండు, నీటిగుంట పక్కనే దిగకూడదు. మనిషి అలికిడికి జంతువులు దూరంగా నిలబడిపోతాయి. రోజంతా నడిచి వచ్చిన జంతువు నీళ్ళు తాగకుండా వెనక్కి పోవడం దానికి ప్రాణం మీది సంగతి.

మూడు, దారి తప్పి చక్రం వేయకూడదు. నమీబ్ రాతిమైదానాల్లో నేలను అంటుకుని లైకెన్‌లు పెరుగుతాయి. పొగమంచు తేమ తాగి బతికేవి. ఏళ్ళకు ఏళ్ళు పట్టి కొద్దికొద్దిగా పెరుగుతాయి. వాటి మీద ఒక్క జీపు వెళ్తే ఆ గాటు దశాబ్దాల పాటు కనబడుతూనే ఉంటుంది.

నాలుగు, కట్టెలు ఏరకూడదు. చాలా పార్కుల్లో ఇది నిషేధం. ఎండిన మొద్దు మనకు పొయ్యిలోకి, కానీ బల్లులకు, చెదలకు, తేళ్ళకు ఇల్లు. వంటకు కట్టెలో గ్యాసో వెంట తెచ్చుకోవాలి.

ఐదు, చీకటి పడ్డాక డేరా జిప్పు వేసుకుని లోపలే ఉండాలి. తిండి, చెప్పులు, డబ్బాలు బయట వదలకూడదు. హైనాలు చెప్పులు కూడా ఎత్తుకుపోతాయి. మెలకువ వస్తే వినాలి, బయట తిరగకూడదు. పగలు నీడన పడి ఉండే జంతువులు ఎడారిలో రాత్రే బతుకుతాయి. పగటిపూట వచ్చి చూసినవాడికి ‘ఏమీ లేదు’ అనిపించిన చోటు, తెల్లారి లేచి డేరా చుట్టూ ఇసుక మీద అడుగులు చూస్తే సంత జరిగినట్టు ఉంటుంది.

పిలవని ఇంటికి వెళ్ళినవాళ్ళు పాటించాల్సిన మర్యాదలు ఇవన్నీ. వాకిట్లో అడ్డంగా కూర్చోవద్దు, బావి దగ్గర గుంపు కట్టవద్దు, వాళ్ళ వస్తువులు ముట్టవద్దు. మన పెద్దవాళ్ళు చెప్పేవే కదా.

ముందే ఉన్నవాళ్ళు

ఆ ఇంట్లో జంతువులే కాదు, మనుషులూ ఉన్నారు. సాన్ జాతులవాళ్ళు వేల ఏళ్ళుగా కలహారీలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతున్నారు. నీళ్ళు లేని నెలల్లో త్సమ్మా అనే అడవికాయ, మన పుచ్చకాయకు చుట్టం, వాళ్ళకు నీళ్ళకుండ. ఉష్ట్రపక్షి గుడ్డుకు చిల్లి పెట్టి, ఖాళీ చేసి, అందులో నీళ్ళు నింపి దాచుకునేవాళ్ళు. మన పల్లెల్లో ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకుని పొలానికి పోయినట్టే.

1961లో ఆ అభయారణ్యం పెట్టినప్పుడు జంతువులతో పాటు సాన్ ప్రజల బతుకుతెరువును కాపాడడం కూడా ఒక ఉద్దేశం. కానీ 1997లో, మళ్ళీ 2002లో ప్రభుత్వం వాళ్ళను బయటి కాలనీలకు తరలించింది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2006 డిసెంబరులో బోట్స్వానా హైకోర్టు ఆ తరలింపు చట్టవిరుద్ధమని చెప్పింది. తీర్పు వచ్చింది గానీ నీళ్ళు రాలేదు. లోపల ఉన్న బోరుబావి వాడుకోవడానికి మరో కేసు నడపాల్సి వచ్చింది. 2011 జనవరిలో అప్పీలు కోర్టు వాళ్ళకు ఆ హక్కు ఇచ్చింది.

నీళ్ళ క్యాన్లు జీపులో వేసుకుని ఆరు రోజులకు వచ్చేవాళ్ళకు పర్మిట్ దొరికింది. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నవాళ్ళకు గుక్కెడు నీళ్ళ కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. నేలను ఖాళీ అని ఒకసారి రాసేస్తే, అక్కడున్నవాళ్ళే తాము ఉన్నామని రుజువు చేసుకోవాలి.

మన వీరాస్వామయ్య

డేరాలతో నేల మీద ప్రయాణం మన తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో, పల్లకీలతో, డేరాలతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. దారిలో కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు అన్నీ ఉన్నాయి. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. మనం దాన్ని తొలి తెలుగు యాత్రాగ్రంథాల్లో ఒకటిగా చదువుకుంటున్నాం.

కలహారీ వెళ్ళినవాళ్ళ రాతలు చదివాక ఆ పుస్తకం నాకు ఇంకో రకంగా కనబడింది. ఫలానా మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దారి ఇసకా రాయా, దిగడానికి చోటుందా అని ఆయన ఊరూరికీ రాసుకుంటూ పోయాడు. తర్వాత వచ్చేవాళ్ళకు పనికిరావాలని. ఇప్పుడు జీపుల్లో తిరిగేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేదీ అచ్చంగా ఇదే. ఎవరు ఉంటున్నారు, ఏం దొరుకుతుంది అని అడగకుండా ఆ కాలంలో ఒక్క మజిలీ కూడా దాటడం కుదిరేది కాదు. ఇప్పుడు మనం హెబ్బాళ్‌లో హైవే ఎక్కితే అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాదు దాకా ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. కిటికీలోంచి రెండు పక్కలా కనబడేదానికి ‘ఏమీ లేదు’ అని పేరు పెట్టి నిద్రపోతాం.

కలివికోడి

ఆ ‘ఏమీ లేని’ నేల సంగతి చూద్దాం. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న కలహారీ ఈశాన్యపు అంకెకు ఇది ఎంతో దూరం లేదు. మనది ఎడారి కాదు, నిజమే. కానీ ముళ్ళపొదలు, మధ్యమధ్య వట్టి నేల, మూడు వానలకు లేచి మిగతా కాలమంతా ఎండి ఉండే గడ్డి, ఇవన్నీ చూస్తే కలహారీకి దూరపు బంధువు. మాట వరసకు అనడం లేదు. పక్షుల్లో నిజంగానే ఆ బంధుత్వం ఉంది.

కడప జిల్లా లంకమల పొదల్లో కలివికోడి అనే పక్షి ఉంది. ఇంగ్లీషువాళ్ళు దానికి జెర్డాన్స్ కోర్సర్ అని పేరు పెట్టారు. మద్రాసు రాజధానిలో సైనిక వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ కనుక్కున్నాడు, 1848లో శాస్త్రీయ వర్ణన వచ్చింది. జానెడు కంటే కొంచెం పెద్దది, పొడవాటి కాళ్ళు, రొమ్ము మీద రెండు పట్టెలు. పెద్ద కళ్ళు, ఎందుకంటే రాత్రి తిరిగే పక్షి. దీనికి దగ్గరి చుట్టాలంతా ఆఫ్రికాలోనే ఉన్నారు. కలహారీలో జీపు లైట్ల ముందు పరుగెత్తే రెండు పట్టెల కోర్సర్ ఆ వంశంలోదే.

1900లో అనంతపురం దగ్గర కనబడిన తర్వాత కలివికోడి మళ్ళీ ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, స్థానికుల సాయంతో, రాత్రి టార్చి వెలుగులో దొరికింది. 86 ఏళ్ళు లేదనుకున్న పక్షి ఊరివాళ్ళకు తెలిసిన పక్షే. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి దానికి తెలుగులో ఎప్పుడో పేరుంది. కలివిపండ్లు మా అమ్మకూ తెలుసు. వాళ్ళ వైపు కవళెహణ్ణు అంటారు.

ఇప్పుడు బెంగళూరు వాళ్ళకు ఒక విశేషం. కేజీఎఫ్ అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. ఈ పక్షిది ప్రపంచంలో తెలిసిన ఒకే ఒక్క గుడ్డు స్కాట్లాండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో 2013లో బయటపడింది. డిఎన్ఏ పోల్చి నిర్ధారించారు. అది 1917లో కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో!

1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద పడిన అడుగులు చదివి ఈ పక్షిని వెతికారు. ఎడారి డేరా చుట్టూ ఇసుక చదివినట్టే. వాళ్ళు తెలుసుకున్నది ఒకటుంది. పొదలు మరీ దట్టమైనా కలివికోడి ఉండదు, మరీ పలచబడినా ఉండదు. మధ్యలో పరుగెత్తడానికి వట్టి నేల కావాలి. మన కంటికి పనికిరానిదిగా కనబడే ఆ వట్టి నేలే దాని ఇల్లు. తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల దాకా వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పి, కాలువ దారి మార్పించాల్సి వచ్చింది. కాలువ వద్దని ఎవరూ అనలేదు. అక్కడ ఒకరున్నారని గుర్తు చేశారు.

బట్టమేక పక్షి

మా నాన్న ఊరికి దగ్గరలోనే రోళ్ళపాడు ఉంది. 1988లో బట్టమేక పక్షి కోసం అక్కడ 614 హెక్టార్ల గడ్డిమైదానాన్ని అభయారణ్యం చేశారు. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. కలహారీలో తిరిగే కోరీ బస్టర్డ్ దీని అన్నలాంటిది, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు కట్టకుండా గడ్డిలో నేల మీద పెడుతుంది. గుడ్డు మీద ఎద్దు కాలు పడినా, ట్రాక్టరు నడిచినా ఆ ఏడు అంతే. 2011 నుంచి అది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. దేశం మొత్తం మీద 150 కూడా మిగల్లేదని అంచనా. రోళ్ళపాడులో కనబడటం ఎంతో అరుదైపోయింది.

ఈ పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, పక్కలకే చూపు ఎక్కువ. బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. కరెంటు తీగలకు తగిలి చనిపోతుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూమిలోపల వేయాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వివాదం దీని గురించే. కలహారీలోనూ ఇలాంటి కథే జరిగింది. పశువులకు రోగాలు రాకుండా 1950లలో కట్టిన పొడవాటి కంచెలకు అడ్డంపడి, కరువు ఏళ్ళలో నీళ్ళ కోసం ఉత్తరానికి నడిచిన విల్డబీస్టులు వేలకొద్దీ చచ్చిపోయాయి. కంచె గీసినవాళ్ళకు మ్యాపులో అక్కడ ఏమీ కనబడలేదు.

రైతుల వైపు మాట కూడా చెప్పాలి. రోళ్ళపాడులో రక్షణ వచ్చాక కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలు మేసేశాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం మీద ప్రేమ ఉండమంటే ఎలా ఉంటుంది? ఆ కోపం పక్షికి మేలు చేయలేదు.

మా నాలుగెకరాలు

ఇదంతా నాకు పుస్తకాల సంగతిగానే ఉండిపోయేది, మా ఇంట్లో ఒక చర్చ రాకపోతే. మా చిన్నాయనకు నాలుగెకరాల బీడు ఉంది. సోలారు ప్యానెళ్ళ కోసం ఇరవై అయిదేళ్ళకు లీజుకిమ్మని ఒక మధ్యవర్తి అడుగుతున్నాడు. కర్నూలు వైపు ఇది కొత్త కాదు. గని, శకునాల దగ్గర సుమారు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలారు పార్కు ఎప్పుడో వచ్చింది. వేరుశనగ వేసి అప్పులు మిగిలిన ఏళ్ళు చూసిన చిన్నాయనకు ఏటా చేతికొచ్చే లీజు డబ్బు చిన్న విషయం కాదు. సూర్యుడి కరెంటు చెడ్డదనీ నేను అనను. కాగితం మీద ‘నిరుపయోగ భూమి’ అని రాసి ఉండడం దగ్గర మాత్రం నా మనసు ఆగింది.

ఇలాంటి మాటలు మన రెవెన్యూ లెక్కల్లో చాలా ఉన్నాయి. బంజరు, బీడు, పోరంబోకు. పోరంబోకు అంటే శిస్తు లెక్కకు బయట ఉన్న నేల. చెరువుగట్టు, శ్మశానం, పశువుల మేత భూమి, అందరూ వాడుకునేవన్నీ అందులోవే. శిస్తు రాదు కాబట్టి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి విలువ లేదు. చివరికి ఆ మాట మనుషుల్ని తిట్టడానికి పనికొచ్చింది.

మా జేజిని ఫోన్లో అడిగాను, ఆ బీట్లో ఏముంటుందని.

“ఏముంటాది మే, కంపా కసువూ తప్ప” అంది. నేను ఫోను పెట్టలేదు. ఆమె కాసేపాగి మొదలుపెట్టింది. రేగుపండ్లు. తంగేడు. కలివిచెట్లు గట్టు పొడుగునా. కుందేళ్ళు, ఉడుములు, కౌజులు, పూరేళ్ళు. “తొలివానకు ఆరుద్ర పురుగులు జూడాల, కాలు పెట్టే సందుండదు.” నక్కలు సరేసరి. తోడేలు ఆమె చిన్నప్పుడు. చివర్లో, అది చెప్పాల్సిన విషయమే కాదన్నట్టు, “కురువోళ్ళ మంద ఏటా దిగేది ఆణ్నే గదా” అంది.

కురువవాళ్ళు గొర్రెల మందలతో నెలల తరబడి నడుస్తూ, రాత్రికి ఎక్కడ దిగితే అక్కడ గొంగడి పరుచుకుని పడుకుంటారు. పొలాల్లో మంద నిలిపితే ఎరువు పడుతుందని రైతులు వాళ్ళకు గింజలో డబ్బులో ఇస్తారు. పైరు ఉన్నప్పుడు పొలాల్లోకి రానివ్వరు కాబట్టి ఆ రోజుల్లో బీళ్ళే వాళ్ళకు ఆధారం. ఎక్కడ నీళ్ళున్నాయో, ఏ గడ్డి ఎప్పుడు లేస్తుందో వాళ్ళకు తెలుసు. జీపు లేని, పర్మిట్ లేని ఓవర్‌ల్యాండర్లు వీళ్ళు. మా అమ్మ భాషలో చెప్పాలంటే, మా నాన్న బీట్లో బీడు విడుస్తున్నారు.

సంక్రాంతికి ఊరికి వెళ్తున్నాం. లీజు సంగతి అప్పుడు మాట్లాడుకుంటారు. ఇవ్వాలా వద్దా అన్నది చిన్నాయన నిర్ణయం, అప్పు కట్టేది ఆయన. నేను జేజి చెప్పిన జాబితా ఒక కాగితం మీద తెలుగులో రాసి తీసుకెళ్తున్నాను. మంద దిగడానికి ఒక ఎకరమైనా వదలొచ్చా, గట్టు మీద కలివిచెట్లు కొట్టకుండా తీగ వేయొచ్చా అని అడగడానికి ముందు అక్కడ ఎవరెవరున్నారో అందరికీ తెలియాలి కదా.

ఇక మీకు రెండు మాటలు. బెంగళూరు చుట్టుపక్కల వారాంతపు క్యాంపింగ్ ఇప్పుడు బాగా పెరిగింది. మన క్లాసులోనే మూడు బ్యాచులు వెళ్ళొచ్చాయి. ఈసారి వెళ్తే ఎండిన వాగులో డేరా వేయకండి. గడ్డి మీద బండి తిప్పకండి. రాత్రి పాటల పెట్టె ఒక గంట ఆపి వినండి. తెల్లారి డేరా చుట్టూ నేల చూడండి. అభయారణ్యమైతే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. కలివికోడిని చూడాలని లంకమల పొదల్లో టార్చి వేసుకుని అసలే తిరగకండి.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాం. మీ ఊళ్ళో బీడు ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, అందులో ఉండే ఒక్క చెట్టు పేరో పిట్ట పేరో రాయండి. తెలుగులోనో కన్నడలోనో, మీ ఇంట్లో ఎలా అంటే అలా. పైన మొదటి పేరు నేను రాశాను. కలివి.